నాందేడు సీమ జొన్నరొట్టె: గోధుమ సరిపడనివారికి పాత దారి

పరప్రాంతమందు స్థిరపడిన తెలుగువారిని గూర్చి వ్రాయునపుడు మనవారు భాషను, పండుగలను, పెండ్లి ఆచారములను, దేవాలయములను తలంచుట పరిపాటి. వంటయింటి చరిత్ర అంతగా ఎవరికిని పట్టదు. కాని ఒక కుటుంబము రెండు మూడు తరములు పొరుగుభాష నడుమ బ్రతికినపుడు నాలుకపైని మాటకంటె ముందుగా మారునది పళ్లెములోని పదార్థమే. ఆ మార్పు మెల్లగా వచ్చును గనుక ఎవరును గమనింపరు. ఏ దస్తరమునందును వ్రాసిపెట్టరు.

అట్టి మార్పులలో నొకదానిని గూర్చి మేమిచ్చట వ్రాయబూనితిమి. మన యిండ్లలో జొన్నరొట్టె వెనుకకు పోయి గోధుమరొట్టె ముందుకు వచ్చిన విధమును, గోధుమ సరిపడని రోగమొకటి కలదని లోకము తెలిసికొన్న విధమును, ఆ రోగము గలవారికి మన పాత రొట్టె అక్కరకు వచ్చుచున్న విధమును యథాశక్తి వివరింతుము. మేము వైద్యులము కాము. కచ్చేరీలో గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. మా మనుమరాలికి ఈ రోగము కనబడుటచే నాలుగేండ్లుగా ఈ విషయమును చదువుచు, పెద్దలను అడుగుచు, ఇంట ఆచరించుచు వచ్చితిమి. ఆ ఎరుకయే ఈ వ్యాసమునకు మూలము.

నాందేడు గోదావరి యొడ్డున ఉన్నది. 1948 సెప్టెంబరు వరకు నిజాము రాజ్యములోను, తరువాత 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోను ఇది యొక జిల్లా. ఆనాడు నాందేడునకును, నిజామాబాదు ఆదిలాబాదులకును నడుమ ఉండినది జిల్లా సరిహద్దు మాత్రమే. సంతలకును, పెండ్లి సంబంధములకును, కూలిపనికిని జనులు అటునిటు తిరుగుచునే ఉండిరి. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరెను. దేగలూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లును ఆంధ్రప్రదేశమునకు పోయెను. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకాయు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును ఇటు వచ్చెను. 1960 మే 1వ తేదీన బొంబాయి రాష్ట్రము విడిపోగా మనము మహారాష్ట్రీయుల మైతిమి. ధర్మాబాదు, బిలోలి, దేగలూరు, కిన్వట్ ప్రాంతములలో తరతరములుగా ఉన్న తెలుగువారును, ఉద్యోగమునకో వ్యాపారమునకో మిల్లుపనికో నాందేడు పట్టణము చేరినవారును కలిసి నేటి మన సంఘమైనారు.

ఆ గీత కచ్చేరీలను విభజించెను, బడి భాషను విభజించెను. పొలమును మాత్రము విభజింపలేకపోయెను. ముధోల్ నేలయు బిలోలి నేలయు ఒకే నల్లరేగడి. నీటిని పట్టి ఉంచు నేల అది. వానకాలము ముగియగానే విత్తిన జొన్న, పిమ్మట ఒక్క వానయైనను లేకున్నను, మంచుతోను నేలలోని తేమతోను పండును. గింజ మనుష్యులకు, చొప్ప పశువులకు. మరాఠీవారు ఆ చొప్పను 'కడబా' అందురు. ఎద్దులతో సేద్యము నడచిన కాలమున చొప్ప లేనివాడు రైతు కానేరడు. కావున ఈ సీమలో జొన్న ఒక పంటయే గాక ఇంటికిని కొట్టమునకును ఆధారము. మరాఠీవారు 'జ్వారీచీ భాకరీ' అన్నను, మనము జొన్నరొట్టె అన్నను, పెనముపై కాలునది ఒక్కటే.

జొన్న పుట్టిల్లు ఆఫ్రికా ఖండము. వేలయేండ్ల క్రిందటనే మన దేశమునకు వచ్చి దక్కను పీఠభూమిలో స్థిరపడినది. తెలుగునాట దానిని తిన్నవారు కోట్లమంది, పొగడినవారు కొద్దిమంది. శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్న చాటువులలో పల్నాటి జొన్నకూటిని ఎత్తిపొడిచినవి అందరు ఎరిగినవే. వరియన్నమునకు అలవాటుపడిన కవికి జొన్నసంకటి, జొన్నయంబలి గొంతు దిగలేదు. ఆ యెత్తిపొడుపు కవితోనే పోలేదు. జొన్న బీదవాని తిండి యను భావము మన మనస్సులలో నాటుకొని, నేటికిని చుట్టము వచ్చినపుడు జొన్నరొట్టె పెట్టుటకు సంకోచింపజేయుచున్నది.

మా తల్లిగారి తరమువరకు మన యిండ్లలో గోధుమ పండుగ ధాన్యము. ఉగాదికి పోలెలు, పెండ్లికి పూరీలు, వ్రతమునకు రవ్వ ప్రసాదము, అంతటితో సరి. దినదినము తినుటకు ఉదయము జొన్నరొట్టె, రాత్రి వీలున్నచో వరియన్నము, లేనిచో జొన్నగటక. శ్రావణమున నాగపంచమికి జొన్నపేలాలు, చలికాలమున పాలకంకులు కాల్చిన 'హుర్డా', వేళ అమావాస్యనాడు పొలములో మరాఠీ రైతులు పోయు జొన్న 'అంబిల్': ఇవి మన పిల్లలకును ముచ్చటలే. నాందేడులో దినదినము గోధుమరొట్టె వండు పెద్ద వంటశాల ఒకటి కలదు. అది గురుద్వారా లంగరు. గురుగోవింద సింగు 1708లో ఇచ్చటనే పరమపదించెను. ఆయన స్మృతిస్థానమున మహారాజా రంజిత్ సింగు 1832 మొదలు 1837 వరకు నేటి సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ మందిరమును కట్టించెను. పంజాబు యాత్రికులతోపాటు పంజాబు రొట్టెయు ఈ ఊరికి పరిచితమైనది. అయినను అది అతిథి రొట్టె. ఇంటి రొట్టె జొన్నదే.

ఈ క్రమము తారుమారైనది స్వాతంత్ర్యానంతరము. అమెరికా ప్రభుత్వము 1954లో చేసిన పి.ఎల్. 480 అను చట్టము క్రింద 1956లో మన దేశముతో ఒడంబడిక కుదిరినది. ఆ ఒడంబడిక వలన ఓడలలో గోధుమ వచ్చి రేషను దుకాణములకు చేరెను. 1965, 1966 సంవత్సరముల అనావృష్టి కాలమున ఈ దిగుమతి మిక్కిలి పెరిగెను. 1965లోనే కేంద్రప్రభుత్వము భారత ఆహార సంస్థను, మాడరన్ బేకరీలను స్థాపించెను. అంతవరకు మన యిండ్లలో జ్వరపడినవారికి మాత్రమే తెచ్చు డబుల్‌రొట్టె కాగితపు పొట్లములో పట్టణములకు దిగెను. తరువాత పంజాబు, హర్యానాలలో పొట్టిరకపు గోధుమ విరివిగా పండెను. 1968లో 'గోధుమ విప్లవము' పేర ప్రభుత్వము తపాలబిళ్ళ వెలువరించెను. దేశము ఆకలిని జయించెను. అది సామాన్యమైన పని కాదు, దానిని మేము తక్కువ చేయము.

కాని జొన్నకు ఆ భాగ్యము కలుగలేదు. 1964లో మొదటి సంకర జొన్న 'సి.ఎస్.హెచ్.-1' వెలువడినది. 1972లో పర్భణీలో వ్యవసాయ విశ్వవిద్యాలయము నెలకొన్నది. ఆ యేడే హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ స్థాపితమై జొన్నను తన ముఖ్యపంటలలో చేర్చుకొన్నది. పరిశోధన కొరవడలేదు, కొరవడినది గౌరవము. 1972-73లో మహారాష్ట్రమందు ఘోరమైన కరవు వచ్చినపుడు అమెరికా నుండి 'మిలో' అను ఎఱ్ఱజొన్న వచ్చెను. అచ్చట అది ప్రధానముగా పశువుల దాణాగా వాడెడి ధాన్యము. రాళ్లు కొట్టు కరవుపనులలో కూలిచేసి, ఆ ఎఱ్ఱరొట్టె తిని బ్రతికినవారు మన తరములో ఇంకను ఉన్నారు. ఆ చేదు జ్ఞాపకము మన తెల్లజొన్నకును అంటుకొన్నదని మా తలంపు. చేతిలో నాలుగు డబ్బులాడగానే జనులు మెత్తని చపాతీ వైపు తిరిగిరి. పిల్లల బడిడబ్బాలో చపాతి నాగరికతకు గుర్తయ్యెను. ఇటీవలి దశాబ్దములలో మరాఠ్వాడా పొలములను సోయాబీను ఆక్రమించుటచే వానకాలపు జొన్న మరింత తగ్గినది.

ఇంతవరకు మన కథ. గోధుమయే కొందరికి రోగకారణమగునని తెలిసిన కథ ఐరోపాలో నడచినది. క్రీస్తుశకము తొలి శతాబ్దములలోనే అరెటేయస్ అను గ్రీకు వైద్యుడు తిన్నది ఒంటబట్టక విరేచనములతో కృశించువారిని వర్ణించి, ఉదరమను అర్థమునిచ్చు గ్రీకు శబ్దముతో ఆ వ్యాధిని పేర్కొనెను. దాని నుండియే సీలియాక్ అను నేటి పేరు పుట్టినది. 1888లో లండనుకు చెందిన శామ్యూల్ గీ అను వైద్యుడు పిల్లలలోని ఈ వ్యాధిని చక్కగా వివరించి, ఇది కుదిరినచో ఆహారము చేతనే కుదురవలెనని చెప్పెను. ఆ మాట నిజము. అయినను ఆయన తన రోగులకు పలుచగా కోసి ఇరువైపుల కాల్చిన రొట్టెముక్కను పెట్టవచ్చుననెను. శత్రువు పళ్లెములోనే ఉన్నాడు, ఎవరును గుర్తింపలేదు. 1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అను వైద్యుడు అరటిపండ్లతో పథ్యము పెట్టి పిల్లలను బాగుచేసెను. అరటిపండులో మహిమ ఉన్నదని లోకము నమ్మెను. వాస్తవమునకు ఆ పథ్యములో గోధుమ లేకపోవుటయే మహిమ.

గుట్టు విప్పినవాడు హాలెండు దేశస్థుడు విల్లెం డికె. ఆయన హేగ్ నగరమున జూలియానా బాలల ఆస్పత్రిలో వైద్యుడు. గోధుమ మానిన పిల్లలు కోలుకొనుటను ఆయన యుద్ధమునకు ముందే గమనించి 1941లో దానిని గూర్చి వ్రాసెను. 1944-45 చలికాలమున జర్మనుల దిగ్బంధనముచే హాలెండు పడమటి నగరములలో తిండి కరువై రమారమి 20,000 మంది మరణించిరి. జనులు తులిప్ పూలగడ్డలను ఉడుకబెట్టుకొని తినిరి. రొట్టె దొరకని ఆ దినములలో, ఊరందరు కృశించుచుండగా, ఈ వ్యాధి గల పిల్లలు మాత్రము తేరుకొనిరి. మరల రొట్టె రాగానే మరల జబ్బుపడిరి. పిమ్మట డికె జాగ్రత్తగా పరీక్షలు జరిపి, గోధుమ, రై ధాన్యములే ఈ వ్యాధికి కారణమని 1950లో తన సిద్ధాంతవ్యాసమున నిరూపించెను. ఆయన సహచరులు దోషము గోధుమలోని గ్లూటెన్ అను జిగటపదార్థమునందున్నదని తేల్చిరి. కరవులో ఒకరి రొట్టె పోవుట మరియొకరికి ప్రాణమిచ్చుట చరిత్రలో అరుదైన సంగతి.

గ్లూటెన్ అనగా నేమి? 1728లో ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అను పండితుడు గోధుమపిండి ముద్దను నీటిలో కడిగి, తెల్లని గంజి పోగా మిగిలిన బంకను విద్వత్సభకు వివరించెను. ఈ పరీక్ష మన వంటయింటను చేయవచ్చును. గోధుమపిండిని గట్టిగా పిసికి, కొంతసేపు నాననిచ్చి, సన్నని నీటిధార క్రింద పిసుకుచు కడిగినచో చివరకు రబ్బరువంటి ముద్ద చేత నిలుచును. జొన్నపిండిని అట్లే కడిగిన యెడల అంతయు నీళ్లలో కొట్టుకొనిపోవును. చేత నేమియు మిగులదు. ఆ బంక వలననే చపాతి సాగును, డబుల్‌రొట్టె పొంగును. సీలియాక్ వ్యాధి గలవారి శరీరము ఆ బంకను శత్రువుగా భావించి పోరాడి, ఆ పోరులో తన చిన్నప్రేవు లోపలి పొరనే నాశము చేసికొనును. అప్పుడు తిన్నది ఒంటబట్టదు. పిల్లలు ఎదుగరు, నెత్తురు తగ్గును, కొందరికి విరేచనములు, కొందరికి ఏ బాధయు పైకి కనబడదు. దీనికి మందు లేదు. గోధుమ, యవలు, రై జీవితాంతము మానుటయే చికిత్స.

ఇది ఉత్తరాదివారి జబ్బు, మనకు రాదు అని పలువురు తలంతురు. 2016లో వెలువడిన ఒక అఖిలభారత పరిశీలన ఈ భావమును సవరించినది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో 23,000 మందికి పైగా పెద్దలను పరీక్షించిరి. వ్యాధిని సూచించు రక్తలక్షణము ఉత్తరమున నూటికి 1.23 మందిలోను, దక్షిణమున 0.10 మందిలోను కనబడినది. కాని ఈ వ్యాధికి చోటిచ్చు వంశలక్షణము ఉత్తరమునను దక్షిణమునను సమానముగా నూటికి 36 మందికి పైగా ఉన్నది. భేదము నెత్తుటిలో లేదు, పళ్లెములో ఉన్నది: పరిశీలనలో చేరినవారు ఉత్తరమున దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా దక్షిణమున 25 గ్రాములు తినుచున్నారు. వంశలక్షణము గలవారందరికి రోగము రాదు; అయినను విత్తనము నేలలో ఉన్నది. దక్షిణము నుండి వచ్చి రెండుపూటల చపాతి తినుచున్న మన కుటుంబములు ఈ లెక్కను ఒకసారి ఆలోచింపవలెను.

మా మనుమరాలి సంగతి ఇచ్చట రెండు మాటలలో చెప్పెదము. ఏడవయేట ఆ బిడ్డ నాలుగేండ్ల పిల్లవలె ఉండెను. పొట్ట ఉబ్బి, ముఖము పాలిపోయి, బడిలో బల్లపై తలవాల్చి కూర్చుండెడిది. రెండేండ్లు రక్తము పట్టు మందులు, పురుగుల మందులు త్రాగించిరి, గుణము కనబడలేదు. చివరకొక వైద్యుడు రక్తపరీక్ష చేయించి, దీపపు గొట్టముతో చిన్నప్రేవులోని పొరను తీసి చూపించి నిర్ణయించెను. గోధుమ మానిన ఆరు మాసములకు బిడ్డ మెట్లు పరుగెత్తి ఎక్కినది. ఒక హెచ్చరిక ఈ సందర్భమున అవసరము: అనుమానము కలుగగానే తమంతట తాము గోధుమ మానరాదు. మానిన పిమ్మట చేసిన పరీక్షలో రోగము దాగిపోవును. ముందు పరీక్ష, తరువాత పథ్యము. ఆరోగ్యవంతులకు గోధుమ విషము కాదు. వారు మానవలసిన పనియు లేదు.

పథ్యము వ్రాసియిచ్చుట వైద్యునికి సులభము; రొట్టె లేక ఆ బిడ్డకు డబ్బాలో ఏమి పెట్టవలెనన్నది ఇంటి ఆడువారి ప్రశ్న. నగరములో గ్లూటెన్ లేని పిండి యని అమ్మునది తెచ్చితిమి. ధర ఎక్కువ, రుచి చాక్‌పొడివలె ఉండెను. అప్పుడు మా ఇల్లాలు, మా తల్లిగారి వద్ద నేర్చిన జొన్నరొట్టెను మరల పెనముపైకి ఎక్కించినది. జొన్నలో గ్లూటెన్ లేదు. 2007లో ఇటలీలోని నేపుల్సు నగర వైద్యులు సీలియాక్ రోగులకు జొన్నతో చేసిన పదార్థములు పెట్టి, హాని లేదని ప్రకటించిరి. మన అవ్వలు పరీక్ష లేకయే పెట్టిన తిండి అది.

అయితే జొన్నరొట్టె చపాతి వంటిది కాదు. బంక లేని పిండిని నిలుపుటకు చేతి పనితనము కావలెను. మరిగిన నీళ్లు పోసినపుడు పిండిలోని గంజి ఉడికి కొంత జిగి పుట్టును. గ్లూటెన్ చేయు పనిని ఆ వేడి కొంతవరకు చేయును. వేడి ఉండగానే అరచేతి మడమతో బాగుగా మర్దించవలెను. ఒక్కసారి ఒక్క రొట్టెకు సరిపడు ముద్దనే తీసికొని, మరాఠీవారు 'కాటవట' అను చెక్కపళ్లెములో పొడిపిండి చల్లి, అరచేతితో తట్టుచు త్రిప్పవలెను. అంచు పగిలినచో పిసుకుట చాలలేదని తెలియును. పెనముపై వేసి పైభాగమున నీటిచేయి రాచి, తడి ఆరకముందే త్రిప్పి, పిదప నిప్పుపై కాల్చిన పొంగును. పిండి తాజాగా ఉండవలెను. వారములు గడచిన పిండికి జిగి పోవును. మా కోడలు పట్టణములో చదివి ఉద్యోగము చేయునది. ఆమెకు ఈ విద్య పట్టుబడుటకు నాలుగు మాసములు పట్టినది. మొదటి రొట్టెలు దేశపటములవలె ఉండెను; ఇప్పుడు చంద్రబింబములే. చేతితో తట్టుట రానివారు పిండిలో కొంచెము ఇసబ్గోలు కలిపి కఱ్ఱతో ఒత్తుకొనవచ్చును.

రొట్టెకు బదులు మన వంటలలో ఇంకను కలవు. బియ్యపుపిండితో తపాలచెక్క, సర్వపిండి. సజ్జరొట్టె, మక్కరొట్టె, రాగిసంకటి. పండుగకు సకినములు, అరిసెలు, కుడుములు. మెత్తని డబుల్‌రొట్టెను కోరు పిల్లలకు ఇడ్లీ, దోసె చాలును. పాశ్చాత్యులు గ్లూటెన్ లేని రొట్టెను పొంగించుటకు రకరకముల జిగురులు కలుపుదురు; మన మినుపపప్పులో పులిసిన పిండి వాయువును పట్టియుంచు జిగట సహజముగానే ఉన్నది. మహారాష్ట్రపు ఏకాదశి ఉపవాసములను గమనించినచో, ఆ దినమున గోధుమ నిషిద్ధము గనుక సగ్గుబియ్యపు ఖిచిడీ, 'భగర్' అన్నము, తోటకూరగింజల 'రాజగిరా' రొట్టె మొదలగునవన్నియు ఈ రోగులకు పనికివచ్చునవే. మరాఠీ పొరుగింటివారు ఉపవాసము నాడు పంపిన పళ్లెము మా బిడ్డ నిర్భయముగా తినును.

భయపడవలసిన చోట్లు వేరుగా ఉన్నవి. మొదటిది పిండి గిర్నీ. ముందు గోధుమ విసరిన రాళ్లలోనే మన జొన్న పోసినచో గోధుమపిండి కలియును. ప్యాకెట్టుపై 'గ్లూటెన్ లేనిది' అని వ్రాయుటకు మన ప్రభుత్వ నిబంధన ప్రకారము కిలో ఒకటికి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. గిర్నీ దుమ్ములోనే అంతకు మించి ఉండగలదు. అందుచే మేము అటుకపై నున్న తిరుగలిని దించి కడిగి గాటు కొట్టించితిమి. శక్తి గలవారు ఇంటిగిర్నీ కొనవచ్చును. జొన్నను మొదట బాగుగా ఏరి కడిగి ఎండబెట్టవలెను. రెండవది ఇంగువ: బజారులోని పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుట సామాన్యము. మూడవది మరాఠీ 'థాలిపీఠ్' పిండి, 'ధపాటే'. వానిలో జొన్నతోపాటు గోధుమ చేర్చుదురు. నాలుగవది రవ్వ, మైదా, సేమియా. ఇవన్నియు గోధుమయే యని తెలియనివారు ఇంకను కలరు. ఐదవది ప్రసాదము. గురుద్వారా కడా ప్రసాదము గోధుమపిండితో చేసినది; సత్యనారాయణ వ్రత ప్రసాదము రవ్వతో చేసినది. వానిని కన్నులకద్దుకొని పెద్దల చేతికిచ్చుట మా బిడ్డ నేర్చినది. భక్తికి లోపము లేదు.

ఇక ఖర్చు మాట. 2013 ఆహారభద్రతా చట్టము బియ్యము కిలో 3 రూపాయలకు, గోధుమ 2 రూపాయలకు, జొన్న మొదలగు ముతకధాన్యము 1 రూపాయికి ఈయవలెనని పలికినది. 2023 జనవరి నుండి ఆ ధాన్యము ఉచితముగా ఇచ్చుచున్నారు. కాని దుకాణమున సాధారణముగా దొరకునది గోధుమ, బియ్యము మాత్రమే. మంచి తెల్లజొన్నను బజారులో కొనవలసినదే. దాని వెల గోధుమ వెలను మించి ఉండుట కద్దు. బీదవాని ధాన్యమని పేరుపడినది బీదవానికి అందకుండ పోయినది. ఐక్యరాజ్యసమితి మన దేశపు ప్రతిపాదనపై 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినపుడు పెద్ద హోటళ్లలో జొన్నతో మిఠాయిలు చేసిరి. మంచిదే, కాని కూలివాని ఇంట ఈ రోగము గల బిడ్డ ఉన్నచో ఆ బిడ్డకు దినమునకు రెండు జొన్నరొట్టెలు దొరకుట అంతకంటె ముఖ్యము. మన సంఘము ఉత్సవముల ఖర్చులో కొంత తగ్గించియైనను, అట్టి కుటుంబమునకు సంవత్సరమునకు ఒక క్వింటాలు జొన్న అందజేయగలదు. ఒక శుద్ధమైన తిరుగలిని సంఘభవనమున ఉంచగలదు. ఇది దానము కాదు, ఇరుగుపొరుగు ధర్మము.

ధాన్యమును డబ్బుతో కొనవచ్చును. రొట్టె తట్టు చేతిని కొనలేము. ఆ విద్య ఏ పుస్తకములోను పూర్తిగా లేదు. నీరు ఎంత మరుగవలెనో, ముద్ద ఎంత మెత్తన కావలెనో చేయియే చెప్పవలెను. మన యిండ్లలో డెబ్బదియేండ్లు దాటిన తల్లులకు ఇది వచ్చును. నలుబదికి లోబడిన కోడండ్రలో, కూతుండ్రలో పలువురికి రాదు. కొడుకులకు అసలే రాదు. వారును నేర్చిన తప్పులేదు. మా యింట రోగము వచ్చినపుడు ఆ విద్య ఎరిగిన చేయి ఇంకను ఉండినది గనుక బిడ్డ దక్కినది. పది యేండ్లు ఆలస్యమైనచో ఎవరి నడుగుదుమో ఆలోచింపుడు.

కావున మన తెలుగు కుటుంబములకు మా విన్నపము ఇంతే. రోగము ఉన్నను లేకున్నను వారమునకు రెండు పూటలైనను ఇంట జొన్నరొట్టె చేయుడు. పిట్లతోనో, మెంతికూరతోనో, ఎల్లిపాయకారముతోనో పిల్లలచేత తినిపింపుడు. చుట్టము వచ్చినపుడు దాచక పెట్టుడు. అవ్వ ప్రక్కన మనుమరాలిని, మనుమని కూర్చుండబెట్టి ముద్ద చేతికిండు. నిజాము రాజ్యము పోయినది, హైదరాబాదు రాష్ట్రము పోయినది, సరిహద్దులు మారినవి. ఈ రొట్టె గోదావరికి ఇరువైపుల నేటికిని కాలుచున్నది. దానిని ఆరనీయకుండుట మన చేతిలోని పని.